పాసుపోర్టులో అమ్మ జుట్టు

మా చిత్తూరు జిల్లాలో గుండు చూసి ఆగిపోయే మనిషి లేడు. తిరుపతి వైపు నుంచి వచ్చే ఏ బస్సు ఆగినా దిగే తలల్లో సగం బోడివే. ఉద్యోగం దొరికిన గుమాస్తా, జబ్బు నయమైన ముసలమ్మ, పరీక్ష గట్టెక్కిన పిల్లవాడు, చంకలో బిడ్డ, ఆ బిడ్డను ఎత్తుకున్న తల్లి, అందరివీ గుండ్లే. ఎదురైతే "కొండకు పోయొస్తిరా?" అని అడిగి ప్రసాదానికి చెయ్యి చాస్తామే గానీ, మనిషి మారిపోయిందని అనుకోం. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ పాసుపోర్టు సంగతి విన్న ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న వేస్తారు. "ఇంట్లో ఒక్కరికైనా తోచలేదా?" తోచలేదు. ఆ ప్రశ్న వేసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిరుపతి పక్కన పుట్టి పెరిగుంటే వాళ్ళకూ తోచేది కాదు.

అమ్మ పుట్టిల్లు ఐరాల పక్కన ఒక చిన్న పల్లె. అమ్మకు తోడబుట్టింది ఒక్కతే అక్క, చాలా ఏళ్ళు పెద్దది. మా అవ్వ, అంటే అమ్మ తల్లి, ఎప్పుడూ మంచం మీదే ఉండే మనిషట. అందుకని అమ్మను సాకింది ఆ అక్కే. అన్నం తినిపించడం, తల దువ్వి జడ వెయ్యడం, ఎడమ చెవి కింద ఉన్న పుట్టుమచ్చను గిల్లి పొద్దున్నే నిద్ర లేపడం, అన్నీ ఆమె పనే. అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ అక్కను మలయాలో రబ్బరు తోటలో పని చేసే ఒకాయనకు ఇచ్చి పెళ్ళి చేశారు. యుద్ధం ఇంకా రాని రోజులు. పెళ్ళయిన నెలకే మద్రాసులో ఓడ ఎక్కిన మనిషి మళ్ళీ ఈ నేల తొక్కలేదు. మొదట యుద్ధం, తర్వాత పిల్లలు, తర్వాత భర్త పోవడం. ఉత్తరాలు మాత్రం వచ్చేవి. వాటిలో ఎప్పుడూ ఒక వాక్యం ఉండేది, చెల్లెలి జుట్టు ఇంకా అంత ఒత్తుగానే ఉందా అని.

ఉండేది. మా వీధిలో అమ్మను పేరు పెట్టి ఎవరూ అనేవాళ్ళు కాదు, జడామె అనేవాళ్ళు. తలంటు పోసుకున్న రోజున పెరట్లో దండెం మీద ఆరేసిన కంబళి లాగా ఆ జుట్టు పరుచుకొని కూర్చునేది.

నేను తిరుపతిలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న ఏడాది పెద్దమ్మకు కాళ్ళు చేతులు పడిపోయాయి. ఆమె కొడుకు రాశాడు. 'అమ్మ ఎప్పుడు కన్ను తెరిచినా చెల్లెలు వచ్చిందా అని అడుగుతోంది, సిన్నమ్మా. ఓడ టిక్కెట్టు నేను చూసుకుంటాను. మీరు పాసుపోర్టు తీసుకోండి చాలు' అని. చాలు అనే మాట ఎంత తేలిగ్గా రాశాడో పాపం. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం నాయన బెల్లం మండీ నుంచి రాగానే ఎదురుపోయి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇవ్వకుండా అనింది.

"నేను పోవాల. మా అక్కను సూడాల. మీరు ఏమి సేస్తారో నాకు తెలీదు."

పెళ్ళయినప్పటి నుంచి అమ్మ నాయనను అడిగిన మొదటి పెద్ద కోరిక అదే అనుకుంటాను. నాయన తలగుడ్డ విప్పుతూ, "పోదువులే, పోదువులే" అన్నాడు.

ముందు అమ్మ పుట్టిందని రుజువు కావాలన్నారు. బడికి పోని మనిషికి సర్టిఫికెట్టు ఎక్కడిది? నాయన, నేను ఐరాల పోయి అక్కడి కరణాన్ని పట్టుకున్నాం. ఆయన పాత పుస్తకాలన్నీ దులిపి, తుమ్మి, మళ్ళీ కట్ట కట్టేశాడు.

"ఆ కాలంలో ఆడబిడ్డ పుడితే ఎవురు రాయించినారప్పా? ఎనుము ఈనితే సెప్పేవాళ్ళు గానీ."

దాంతో కోర్టు దగ్గర స్టాంపు కాగితం మీద నాయనే ప్రమాణం చేసి అమ్మ వయసు చెప్పాల్సి వచ్చింది. మా జేజి, నాయన తల్లి, ఈ సంగతి విని బుగ్గలు నొక్కుకుంది. "పెండ్లాం వయసు మొగుడు ప్రమాణం సేసేది ఈ ఇంట్లోనే సూస్తా ఉండా. పెండ్లిసూపులప్పుడు మాకు సెప్పింది యింకొక వయసు కదరా!" అని ఒక వారం నవ్వింది.

తర్వాత ఫోటో. అమ్మ అంతకుముందు ఒక్క ఫోటో కూడా తీయించుకోలేదు, ఆయుష్షు తగ్గుతుందని. మా ఊరి స్టూడియో ఆయన పూలు తీసెయ్యమన్నాడు. మొగుడు పక్కనే నిలబడి ఉంటే పూలు తియ్యమంటావా అని అమ్మ కుర్చీలోంచి లేచింది. ఇద్దరికీ రాజీ కుదిర్చేసరికి నాకు గొంతు పోయింది. చివరికి పూలు తీసింది గానీ, జడ మాత్రం ముందుకు వేసుకుంటానని పట్టుబట్టింది. అక్కడ అక్క కూడా ఈ ఫోటో చూస్తుందట, జుట్టు కనబడాలట. ఫోటోలో నడి పాపిడి, చెవుల మీదికి దిగిన దట్టమైన జుట్టు, భుజం మీంచి ముందుకు పడిన లావు జడ. మొహం ఆ జుట్టు మధ్యలో చిన్నగా, భయంగా ఉంది. ఒక ప్రతి పెద్దమ్మకు పంపించాం.

ఫారంలో ఒంటి మీది గుర్తులు రాయమని ఒక గడి ఉంటే, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ అని నేనే ఇంగ్లీషులో రాశాను. విచారణకు పోలీసు వచ్చి అరుగు మీద కూర్చుని కాఫీ తాగిపోయాడు. ఎదురింటామె, అమ్మను పట్టుకుపోవడానికి వచ్చారనుకొని, "జడామె ఎవురి జోలికీ పోదు సార్" అని ఏడ్చినంత పని చేసింది. ఇవన్నీ చెప్పుకొని నవ్వుకున్న రోజులు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు గుండె కలుక్కుమంటుంది.

కాగితాలు హైదరాబాదు పోయాయి. పోయినవి పోయినట్టే ఉన్నాయి. ఎండాకాలం పోయింది, మామిడికాయలు అయిపోయాయి, వాన కూడా వచ్చి పోయింది. నాయన రెండుసార్లు హైదరాబాదు పోయి, వరుసలో నిలబడి, రేపు రమ్మనిపించుకొని వచ్చాడు. మలయా నుంచి మళ్ళీ ఉత్తరం, పెద్దమ్మకు ఒళ్ళంతా నీరు దిగిందని. ఒక శనివారం అమ్మ దీపం పెట్టి, గోవిందుడి పటం ముందు నిలబడి, మేమందరం వినేటట్టుగా మొక్కుకుంది.

"సామీ, ఆ బుక్కు నా సేతికి వస్తే నా తల నీకిస్తా."

మా పక్క ఆడవాళ్ళు మొక్కుకుంటే మామూలుగా మూడు కత్తెర్లు అంటారు. జడ కొసన మూడుసార్లు కత్తిరించి హుండీలో వేస్తే సరిపోతుంది. అమ్మ ఆ మాట అనలేదు. తల అనింది. అంటే ఆ జుట్టంతా.

బుక్కు వచ్చింది. పోస్టుమాన్‌కు పాయసం పెట్టి పంపాం. అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, అట్ట మీద పసుపు బొట్టు పెట్టబోతే నేను అరిచి లాక్కున్నాను. సర్కారు పుస్తకం మీద మరక పడితే చెల్లదని నాకున్న తెలివి చూపించాను. అంత జాగ్రత్తగా ఉన్నాం మేము. పెద్దాసుపత్రిలో సూదిమందు వేయించి, పసుపురంగు కాగితం మీద ముద్ర కొట్టించాం. అమ్మ చెయ్యి వాచి జ్వరం వచ్చింది. మద్రాసు హార్బరు దగ్గర ఒక ఏజెంటు పాసుపోర్టు తీసుకొని అవతలి దేశం వీసా ముద్ర వేయించి, ఓడలో చోటు రాయించాడు. ఆయన అమ్మను ఎప్పుడూ చూడలేదు, ఫోటోనే చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇక వచ్చి ఓడ ఎక్కడమే అని కబురు చేశాడు.

ఓడకు పది రోజులు ఉందనగా మొక్కు మాట వచ్చింది. నాయన మెల్లగా అన్నాడు, "మూడు కత్తెర్లు ఇచ్చి వస్తే సాలదా? ఊరుగాని ఊరికి పోతా ఉండావు. మీ అక్క ముందర గుండుతో నిలబడతావా?"

జేజి ఊరుకోలేదు. "నోటితో తల అని కత్తెరతో సరిపెడితే సామి ఊరుకుంటాడా? సముద్రం మింద పొయ్యేది. మొక్కు బాకీ పెట్టుకోని ఓడ ఎక్కకూడదు."

"వచ్చినాక ఇస్తాంలే" అన్నాడు నాయన.

అమ్మ ఇద్దరి మాటా వినలేదు. "బుక్కు ఇప్పుడే ఇచ్చినాడు కదా, నేను రేపు ఎట్లా ఇస్తాను? అక్క నన్ను సూసినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. జుట్టుంటే మాత్రం గుర్తుపడతాదా? మచ్చ సూపిస్తాలే, గిల్లి సూసుకుంటాది."

అక్క గుర్తుపడుతుందా లేదా, మా ఇంట్లో జరిగిన చర్చ అంతా అదే. ఇంకెవరో అమ్మను గుర్తుపట్టాల్సి ఉంటుందన్న మాట మా ఊహలోకి రాలేదు.

కొండ మీద కళ్యాణకట్టలో మంగలి అమ్మ జుట్టు తడిపి, రెండు పాయలు చేసి ముడి వేస్తూ, "ఎంత తల్లీ ఇది!" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంటూనే ఉంది. మొదటి పాయ బరువుగా తడి నేల మీద పడిన చప్పుడుకు నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నవ్వింది. తలకు గంధం పూసుకొని, అరచేత్తో తడుముకుంటూ, "ఎంత సల్లగా ఉండాదే! ఇన్నేండ్లు ఈ మూట ఎట్లా మోసినానే!" అనింది. ఆ క్షణంలో నాకు కూడా సంతోషమే వేసింది. ఆమె ఇక ఎవరికీ ఏమీ ఇవ్వాల్సిన పని లేదు, అక్క దగ్గరికి పోవడమే మిగిలింది.

తిరుత్తణి మీదుగా మద్రాసు బస్సులో అమ్మ ఒళ్ళో పెద్ద మూట. చింతపండు, సెనక్కాయలు, మా మండీ నల్లబెల్లం, నిమ్మకాయ ఊరగాయ, పుట్టింటి పొలం గట్టున తీసిన పిడికెడు మట్టి. మట్టి ఎందుకే అని నేను నవ్వితే, "అడిగిందే" అనింది. హార్బరులో వేలూరు వైపు ముసలి దంపతులు కలిశారు. కూతురిని చూడడానికి అదే ఓడలో పోతున్నారు. అమ్మను కనిపెట్టి ఉంటామని నాయనకు మాట ఇచ్చారు. నాయన కటకటాల ఇవతల నిలబడ్డాడు. ఇంగ్లీషు తెలిసినదాన్ని కాబట్టి నన్ను అమ్మతో బల్ల దాకా పోనిచ్చారు.

ఓడ కంపెనీ గుమాస్తా పాసుపోర్టు తెరిచాడు. ఫోటో చూశాడు. అమ్మను చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు, నిజంగా. అతను పుస్తకం పట్టుకొని లోపలికి పోయి, ఇమిగ్రేషన్ ఆఫీసరును వెంటబెట్టుకొచ్చాడు. నుదుటిన విభూతి ఉన్న పెద్దమనిషి, మద్రాసు తెలుగు మాట్లాడాడు.

"ఈ ఫోటో ఎవరిదమ్మా?"

"నాదే."

"ఈ జుట్టు?"

"సామికిచ్చినా" అనింది అమ్మ. గర్వంగా అనింది. ఆయన మెచ్చుకుంటాడనుకున్నట్టుంది.

అప్పుడు అర్థమయింది నాకు. నేను ఇంగ్లీషులో ఏదేదో మాట్లాడాను. పుట్టుమచ్చ అన్నాను. అమ్మ వెంటనే తల తిప్పి చెవి ముందుకు వంచి చూపించింది. ఆయన చేతిలోని పుస్తకం చూసి, మచ్చను చూసి, తల ఊపాడు. "మచ్చ ఉందమ్మా. నేను కాదనను. భర్త ఉన్నారా?" అని అడిగాడు. అమ్మకు ఆ ప్రశ్న ఎందుకో తెలిసి, తాళిబొట్టు బయటికి తీసి, కటకటాల వైపు చెయ్యి చూపించింది. "అదో, ఆడుండాడు సూడండి సామీ. మొక్కుకే ఇచ్చినా, వేరే దానికి కాదు."

ఆయన చాలా ఓపికగా చెప్పాడు. ఆయన కసురుకొని ఉంటే బాగుండేది, నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి మిగిలేవాడు. "నాకు తెలుసమ్మా, తిరుపతి మొట్టై కదా. నేనూ పోయినేడు గుండు కొట్టించుకున్నాను. ఇక్కడ ముద్ర వెయ్యడం నాకు ఒక్క నిమిషం. అక్కడ దిగినప్పుడు చూసేవాడికి మన తిరుపతి తెలియదు కదా. ఒకరి పుస్తకం మీద ఇంకొకరు పోతున్నారని వాళ్ళు ఇప్పుడు గట్టిగా పట్టుకుంటున్నారు. అన్ని రోజులు సముద్రం మీద పోయి, ఒడ్డు కళ్ళారా చూసి, దిగకుండా అదే ఓడలో వెనక్కి వస్తావా తల్లీ? కొత్త ఫోటో తీయించి, మీ హైదరాబాదు ఆఫీసులో పుస్తకంలో అంటించి ముద్ర వేయించుకో. వచ్చే ఓడకు నేనే పంపిస్తాను."

"మా అక్క మంచంలో ఉండాది సామీ" అనింది అమ్మ. "నా కోసరం పానం పట్టుకోనుండాది. బతికుండంగా ఒక్కసారి సూసి వచ్చేస్తా. దించకపోతే ఓడలోంచే పిలుస్తా, మా అక్కను ఒడ్డుకు తీసుకొస్తారు." 

కాళ్ళు చేతులు పడిపోయిన మనిషిని ఒడ్డుకు తీసుకొస్తారని ఆమె అన్నది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. పుస్తకం మూసి, రెండు చేతులతో అమ్మకు ఇచ్చాడు.

వేలూరు దంపతులు పోవాల్సిన వేళయింది. ఆ ముసలామె అమ్మ చేతులు పట్టుకుని, మూట అయినా ఇవ్వమని అడిగింది. అమ్మ మూట విప్పి, అన్నీ ఉన్నాయా అని చూసుకొని, మళ్ళీ గట్టిగా కట్టి ఇచ్చింది. మూట ఓడ ఎక్కింది. అమ్మ, నేను, నాయన ఎండలో నిలబడి చూశాం. ఓడ కదిలేదాకా పోదామని ఎవరమూ అనలేదు, కదిలిన తర్వాత కూడా అనలేదు. నాయన తన పైగుడ్డ తీసి అమ్మ బోడితల మీద కప్పాడు.

ఇంటికి వచ్చాక జేజి, "సామి ఏదో కీడు తప్పించినాడులే" అంటే నేను చేతిలో ఉన్న చెంబు నేలకేసి కొట్టాను. దేవుడు వద్దనుకుంటే బుక్కు ఎందుకు ఇచ్చాడు, ఇచ్చి జుట్టు ఎందుకు తీసుకున్నాడు అని అరిచాను.  అమ్మ దేవుణ్ణి అననివ్వలేదు. "నేనిచ్చింది నా యిష్టం. ఆయన అడిగినాడా?" అనింది.

స్టూడియో ఆయన గుండుతో కొత్త ఫోటో తీశాడు. తీసి, బుర్ర గోక్కుంటూ, "ఇది హైదరాబాదు పొయ్యి వచ్చేలోపల జుట్టు మొలుస్తాది కదమ్మా, అప్పుడు ఇదీ సెల్లదేమో" అన్నాడు. ఆ మాట అమ్మ మనసులో పడిపోయింది. వారం తిరిగేసరికి తల మీద నల్లగా గరుకు కనబడగానే మంగలిని పిలిపించమంది. మంగలి వచ్చి, సంగతి తెలిసి, పెట్టె మూసుకొని నిలబడ్డాడు. కొండ మీద గొరిగితే మొక్కు. ఇంటి పెరట్లో పుణ్యస్త్రీ తల గొరిగితే అది చావు పని. "నా సేత కాదు తల్లీ, నా బిడ్డలకు తగులుతాది" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. జేజి గుండెలు బాదుకుంది. మొగుడు బతికి ఉండగా ఈ ఇంట్లో ఆ పని జరిగితే తాను గడప దాటి వెళ్ళిపోతానంది.

నాయన తను గడ్డం గీసుకునే కత్తి, సబ్బు, గిన్నె తెచ్చాడు. పెరట్లో పీట వేసి అమ్మను కూర్చోబెట్టి, తల తడిపి, తనే గొరిగాడు. చెవి కింద మచ్చ దగ్గరికి వచ్చేసరికి కత్తి ఎత్తి పట్టుకొని ఆగాడు. "ఊ, కానీండి" అనింది అమ్మ. అమ్మ, నాయన ఒకరినొకరు ముట్టుకోవడం నేను అంతకుముందు చూసింది లేదు. ప్రతి వారం అట్లాగే జరిగింది. జేజి ఆ పూటకు ఎదురింటికి పోయి కూర్చునేది, కానీ ఇల్లు విడిచి వెళ్ళిపోలేదు.

పుస్తకం కొత్త ఫోటోతో రానే వచ్చింది. ఏజెంటు మళ్ళీ చోటు రాయించాడు. అమ్మ రెండో మూట కట్టింది. మొదటి మూటలో మరిచిపోయిన కరివేపాకు పొడి ఈసారి ముందు చేసింది. ఆ పొడి ఇంకా డబ్బాలోకి ఎత్తకముందే తంతి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదవాల్సింది నేనే. చదివాను. అమ్మ నా మొహం చూసి, ఏమని అడగకుండానే, పొయ్యి దగ్గర కూలబడిపోయింది. ఏడవలేదు. "ఇంగ గొరగద్దండి" అని నాయనతో అనింది.

కొన్నాళ్ళకు పెద్దమ్మ కొడుకు వచ్చాడు. చితాభస్మం శ్రీకాళహస్తిలో స్వర్ణముఖిలో కలపమని తల్లి ముందే చెప్పిందట. ఓడకు ఆగలేక విమానంలో మద్రాసు వచ్చి, అక్కడి నుంచి కారులో వచ్చాడు. నడి వయసు మనిషి, పొడుగ్గా, మా తాత పోలికతో. తల్లికి కర్మ చేసినవాడు కాబట్టి తల బోడిగా ఉంది, అప్పుడప్పుడే మొలుస్తోంది. అమ్మ తల కూడా సరిగ్గా అట్లాగే ఉంది. గుమ్మంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నిలబడిపోయారు. అతను ముందుగా వంగి, అమ్మ ఎడమ చెవి కింద వేలు పెట్టి చూసి, "సిన్నమ్మా" అన్నాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ. ఇల్లంతా ఏడ్చింది.

మూడోనాడు కాళహస్తిలో పని ముగించుకొని వచ్చాం. నదిలో నీళ్ళు లేవు, ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్ళలో కలిపాం. ఇంటికి వచ్చి అతనికి అన్నం పెడుతూ అమ్మ ఒక్కొక్కటే అడిగింది. అతను తోటల తెలుగులో, సగం తమిళం కలిపి చెప్పాడు. ఆ రోజు ఓడ దిగే పెనాంగు రేవులో, చేతిలో ఫోటో పెట్టుకొని, జడామె కోసం చూస్తూ నిలబడ్డాడట. ఓడ ఖాళీ అయింది. వేలూరు ముసలామె పట్టుకొచ్చిన మూట తీసుకొని ఇంటికి పోయాడు. పెద్దమ్మ బెల్లం కొంచెం నోట్లో పెట్టించుకుంది. మట్టి ఎడమ చేతికింద పెట్టమంది. వచ్చే ఓడకు వస్తుందిలే అమ్మా అని చెబితే, సరే అన్నట్టు కళ్ళార్పిందట. వచ్చే ఓడ దాకా ఉండలేకపోయింది.

నాకు ఒక్కటి అడగాలని ఉంది, అడిగితే ఏమి వినాల్సి వస్తుందోనని భయంగానూ ఉంది. నాయన అడిగేశాడు.

"నీ పాసుపోర్టు ఫోటోలో జుట్టుంటాది కదప్పా. తల సూసి అక్కడోళ్ళు ఏమీ అనలేదా?"

అతను తన తల తడుముకున్నాడు. "మా పక్క గుండ్లు కొత్తేం కాదు సిన్నాయనా. మురుగన్ సామి తైపూసం పండగ వస్తే వీధి నిండా గుండ్లే. అక్కడి ఆఫీసర్లు సూసి సూసి ఉండారు. నన్ను కూడా ఎవురు పోయినారు అని అడిగినాడు, అంతే. మా యమ్మ సచ్చిపోయింది అని సెప్పినా. ముద్ర ఏసి పంపించినాడు. మద్రాసులో కూడా అట్లే. సచ్చిపోయింది అనేసరికి దారి ఇడిసినారు."

 జేజి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అమ్మ మొహం వైపు చూడలేక నేల చూపులు చూశాను.

 అమ్మ అతని కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించి, నెయ్యి పోస్తూ అనింది.

"నేను మా అక్క బతికుండాదని సెప్పినా నాయనా."